చోటు చూపించండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల ఈ శీర్షికలో ఒక జవాబు చివర, ‘శంకరాభరణం’ కంటె ‘సాగరసంగమం’ మీద నాకు మక్కువ ఎక్కువ అని ఒక్క వాక్యం రాశాను. కారణం రాయలేదు. దాని ఫలితంగా వచ్చిన ఉత్తరాలలో సగం ఆ వాక్యాన్ని గురించినవే కనుక ఈసారి దానితోనే మొదలుపెడుతున్నాను.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయినిని. ‘శంకరాభరణం’ మా ఊరి హాలులో విడుదలైన రోజుల్లో సంగీతం నేర్చుకుంటామని ఆడపిల్లలు మా పాఠశాలలో బారులు తీరారు. అటువంటి చిత్రాన్ని మీరు ఒక్క వాక్యంలో పక్కకు నెట్టడం న్యాయమా? (విజయనగరం నుంచి)

జవాబు: అమ్మా, పక్కకు నెట్టలేదు, కాని కారణం చెప్పకుండా అభిప్రాయం ప్రకటించడం నా తప్పే. 1980లో విడుదలైన ఆ చిత్రం కె.వి. మహదేవన్ గారికి సంగీత దర్శకులుగాను, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం గార్లకు గాయనీగాయకులుగాను జాతీయ పురస్కారాలు తెచ్చిపెట్టింది. శాస్త్రీయ సంగీతాన్ని గురుముఖతః క్రమపద్ధతిలో నేర్వని బాలు గారి చేత కథానాయకుడైన సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రి గొంతు పలికించడం ఆ రోజుల్లో ఎంత సాహసమో, అందులో మహదేవన్ గారి సహాయకులు పుహళేంది గారి ఓర్పు ఎంత ఉన్నదో సంగీతం తెలిసిన మీకు నేను చెప్పనక్కరలేదు.

అందులో నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళి ఆగే చోటు ఒకటి ఉన్నది. చివరి పాట ‘దొరకునా ఇటువంటి సేవ’ నడుమ శాస్త్రి గారు పాడలేక ఆగిపోతే, ఆ పాటను శిష్యుడు అందుకుంటాడు. బాలు గారి గొంతు ఆగిన చోట వాణీ జయరాం గారి గొంతు మొదలవుతుంది. రాగం బిలహరి అదే, నడక అదే, మారింది గొంతు ఒక్కటే. విద్య ఒక తరం నుంచి మరొక తరానికి చేరడాన్ని సంభాషణ అక్కరలేకుండా వినిపించిన ఆ నాలుగైదు క్షణాల కోసం ఆ చిత్రాన్ని ఎన్నిసార్లైనా చూస్తాను.

నా ఫిర్యాదు వేరే చోట ఉన్నది. పాశ్చాత్య సంగీతం వాయించే కుర్రవాళ్ళు శాస్త్రి గారిని ఎగతాళి చేసే ఘట్టంలో ప్రతిపక్షాన్ని కథ మరీ బలహీనంగా నిలబెట్టింది. వాళ్ళకు సంగీతం రాదు, మర్యాద అంతకన్నా లేదు. అటువంటి వారిని గెలవడానికి శంకరశాస్త్రి అంతటివాడు కావాలా? పెళ్ళిచూపులలో కూతురు ఒక స్వరం తప్పగానే ఆయన ‘శారదా!’ అని గర్జించినప్పుడు హాలంతా చప్పట్లు కొట్టిన సంగతి నాకు గుర్తున్నది. చప్పట్లు కొట్టినవారిలో నేనూ ఉన్నాను. ఇప్పుడు ఆ సన్నివేశం చూస్తే నా కన్ను ఆ పిల్ల ముఖం మీదికే పోతున్నది.

‘సాగరసంగమం’ 1983 నాటిది. దర్శకులు కె. విశ్వనాథ్ గారే, నిర్మాత కూడా ఏడిద నాగేశ్వరరావు గారే. సంగీతం మాత్రం ఇళయరాజా గారిది. అందులో నాయకుడు గెలిచినవాడు కాడు, విద్య ఉండి వేదిక దక్కనివాడు. ఢిల్లీలో జరగబోయే నృత్యోత్సవం ఆహ్వానపత్రాన్ని అతని మేలుకోరే మాధవి అతని చేతికిస్తుంది. అతడు పెద్ద పెద్ద కళాకారుల బొమ్మలకు భక్తితో దండం పెట్టుకుంటూ పుటలు తిప్పి, ఒక పుటలో తన బొమ్మనే చూసుకుంటాడు. ఆ తరువాత కమల్‌హాసన్ గారి ముఖంలో జరిగేదాన్ని వర్ణించడం నా వల్ల కాదు. ఆ ఉత్సవంలో అతడు ఆడలేకపోయాడని మనకు తెలుసు కనుక రెండవసారి చూసినప్పుడు ఆ ఘట్టం మొదటిసారి కంటె ఎక్కువ బాధపెడుతుంది.

ఈ శీర్షిక రాసేవాడిగా నాకు ఆ చిత్రం మీద ఇంకొక మమకారం కూడా ఉన్నదని ఒప్పుకోవాలి. అందులో ఆ నాయకుడు బాలకృష్ణ చివరికి పత్రికలో నృత్య విమర్శకుడవుతాడు. అతడు రాసిన విమర్శ చదివి ఆగ్రహించిన నర్తకి కార్యాలయానికే వచ్చి నిలదీస్తే, అతడు వాదన పెట్టుకోడు. తాగి ఉన్న ఆ మనిషి బల్లల మధ్యనే లేచి, ఒకే పాదాన్ని వేర్వేరు నృత్యరీతులలో ఎలా అభినయించాలో ఆడి చూపిస్తాడు. అభిప్రాయం చెప్పేవాడు చోటు చూపించాలి. నేను గత నెల ఆ పని చేయలేదు, ఇప్పుడు చేశాను. మీరు ఒప్పుకోకపోతే ‘శంకరాభరణం’లో మీ చోటు ఏదో రాయండి, వెళ్ళి వింటాను.

ప్రశ్న: ఘంటసాల గొప్పా? బాలమురళీకృష్ణ గొప్పా? ఒక్క మాటలో చెప్పండి. మా స్నేహితుల మధ్య పందెం. (కాకినాడ నుంచి)

జవాబు: ఇళయరాజా గారి వాద్యసంగీత ఆల్బం ఒకదానిలో ఒక రచనకు ‘డోంట్ కంపేర్’ అని పేరు. పందెం సొమ్ముతో ఆ ఆల్బం కొనుక్కుని అందరూ కలిసి వినండి.

ప్రశ్న: సినిమా పాటలు తప్ప మరేమీ వినకుండా ముప్పై ఏళ్ళు గడిపాను. మాటలు లేని సంగీతం వినాలని ఉన్నది, కాని ఎక్కడ మొదలుపెట్టాలో, ఏమి వినాలో తెలియదు. ఇళయరాజా గారి ‘హౌ టు నేమ్ ఇట్’ గొప్పదని మిత్రుడు ఇచ్చాడు. రెండుసార్లు విన్నాను, పట్టు దొరకలేదు. నిజంగా అది అంత గొప్పదా, లేక గొప్పదని చెప్పుకోవడం అలవాటయిందా? (హైదరాబాదు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

జవాబు: పైన కాకినాడ మిత్రులకు చెప్పిన ఆల్బం ఇదే. 1986లో వచ్చింది. దీనిని ఇళయరాజా గారు ఇద్దరికి అంకితమిచ్చారు. ఒకరు త్యాగరాజస్వామి, ఇంకొకరు జర్మనీ దేశపు సంగీతకర్త యొహాన్ సెబాస్టియన్ బాఖ్. బాఖ్ 1750లో కన్నుమూశాడు, మన త్యాగయ్య 1767లో పుట్టాడు. లైప్జిగ్‌లో చర్చి కొలువు చేసినవాడు ఒకడు, తిరువయ్యూరులో ఉంఛవృత్తితో, అంటే ఇంటింటి భిక్షతో బతికినవాడు ఇంకొకడు. బతికి ఉండగా ఎదురుపడే అవకాశమే లేని ఆ ఇద్దరిని ఒక గదిలో కూర్చోబెట్టాలన్న కోరిక ఈ ఆల్బం అంతటా కనిపిస్తుంది. రచనల పేర్లు చూడండి: బాఖ్‌ను మా ఇంట్లో కలిశాను, మేమిద్దరం మాట్లాడుకున్నాము అన్న అర్థం వచ్చేవి వరుసగా రెండు ఉన్నాయి.

మీకు పట్టు దొరకకపోవడానికి కారణం బహుశా ఇది. సినిమా పాటలో ఒక గొంతు ముందు నడుస్తుంది, తక్కినవన్నీ దాని వెనుక నడుస్తాయి. కచేరీలో కూడా అంతే, గాయకుని వెంట వయొలిన్ నీడలా పోతుంది. మన చెవికి అలవాటైనది ఒక్క దారే. బాఖ్ పద్ధతిలో దారులు ఒకటికి మించి ఉంటాయి. ఫ్యూగ్ అనే రచనారీతిలో ఒకరు ఎత్తుకున్న వాక్యాన్ని రెండవవారు వేరే స్థాయిలో ఎత్తుకుంటారు. అప్పటికి మొదటివారు ఆగిపోకుండా వేరే మాట చెబుతూ ముందుకు సాగిపోతుంటారు, ఇంతలో మూడవవారు వస్తారు. ఎవరూ ఎవరికీ పక్కవాద్యం కారు. అందుకని మొదటిసారి విన్నప్పుడు సంతలో నిలబడినట్లు ఉంటుంది. మీరు అన్నిటినీ ఒక్కసారే వినాలని ప్రయత్నించకండి. ఒక్క రోజు ఒక్క వాద్యాన్ని పట్టుకుని చివరిదాకా దాని వెంటనే నడవండి, మరునాడు అదే రచనలో ఇంకొకదాన్ని పట్టుకోండి. నాలుగు రోజులలో అవి ఒకదానికొకటి ఎక్కడ తగులుతున్నాయో చెవి తనంతట తానే కనిపెడుతుంది.

నేను చూపించే చోటు ‘ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్’. బాఖ్ ఒంటరి వయొలిన్ కోసం రాసిన మూడవ పార్తీతా అనే కృతిలోని తొలి భాగాన్ని ఇళయరాజా గారు ఆధారంగా తీసుకుని, దాని మీద తన వాక్యాలు అల్లారు. బాఖ్ రాసిన స్వరాలు ఊపిరి తీసుకోకుండా ఒకే వేగంతో పరుగెత్తుతుంటే, వాటిపై మన పద్ధతిలో స్వరాన్ని ఊపే గమకాలతో తీగ సాగుతుంది. బాఖ్ స్వరాలు రాళ్ళు పేర్చినట్లు విడివిడిగా నిలబడతాయి, మనవి ఒకదానిలోకి ఒకటి జారతాయి. రెండూ ఏకకాలంలో వినిపిస్తున్నప్పుడు ఒకటి రెండవదాన్ని మింగకుండా ఉండడమే అందులోని పనితనం. ఆ ఆల్బంలో వయొలిన్ వాయించిన వి.ఎస్. నరసింహన్ గారి పేరు ఇళయరాజా గారి పేరుతో పాటు చెప్పకపోతే ఆ మాట సగమే అవుతుంది. రెండు సంప్రదాయాల విల్లు పట్టూ తెలిసిన చేయి లేనిదే ఆ రచన కాగితం మీదనే ఉండిపోయేది.

ఇక ‘నిజంగా గొప్పదా’ అన్న మీ ప్రశ్నకు. ఆల్బం అంతా ఒకే ఎత్తున లేదు అన్నది నా అభిప్రాయం. కొన్ని చోట్ల రెండు సంప్రదాయాలు పక్కపక్కన నిలబడ్డాయే తప్ప మాట్లాడుకోలేదు. తనకు రెండూ వచ్చని చూపడానికే రాసినట్లు తోచే భాగాలు ఉన్నాయి. రెండేళ్ళ తరువాత హరిప్రసాద్ చౌరసియా గారి వేణువుతో ఆయన చేసిన ‘నథింగ్ బట్ విండ్’ను చాలామంది దీనికి తమ్ముడిగా చూస్తారు. నాకు దాని మీద అంత పట్టింపు లేదు. అదే చౌరసియా గారి వేణువును ‘సిరివెన్నెల’ చిత్రం కోసం మహదేవన్ గారు వాడుకున్న తీరులో ఎక్కువ నిశ్శబ్దం ఉన్నది, ఆ నిశ్శబ్దం నాకు ఇష్టం. చూశారా, మాటలు లేని సంగీతం అడిగితే తిరిగి సినిమాకే వచ్చాను. ముప్పై ఏళ్ళు మీరొక్కరే గడపలేదు లెండి.

ప్రశ్న: ‘మాయాబజార్’ పేర్లలో సంగీతం ఘంటసాల అని ఉన్నది. కాని ‘లాహిరి లాహిరి లాహిరిలో’ బాణీ సాలూరి రాజేశ్వరరావు గారిదని మా తాతగారు ఘంటాపథంగా చెప్పేవారు. ఎవరిని నమ్మాలి? (భీమవరం నుంచి)

జవాబు: తాతగారిని నమ్మండి, పేర్లను కూడా నమ్మండి. 1957 నాటి ఆ చిత్రానికి మొదట కుదిరినవారు రాజేశ్వరరావు గారే. నాలుగు పాటలకు బాణీలు కట్టిన తరువాత ఆయన తప్పుకున్నారు. ‘లాహిరి’ ఆ నాలుగింటిలో ఒకటి. ఘంటసాల గారు ఆ బాణీలను మార్చకుండా ఉంచి, వాద్యాలు కూర్చి, పాడించి, తక్కిన పాటలన్నీ తానే కట్టారు. మరొకరి బాణీ చేతికి వస్తే తన ముద్ర వేయాలన్న దురద లేకపోవడం సంగీత దర్శకులలో అరుదైన గుణమని నేను అనుకుంటాను. పైగా ఆ పాట పాడింది కూడా ఆయనే, పి. లీల గారితో కలిసి.

మోహన రాగానికి ఉన్నవి అయిదే స్వరాలు. ఆ అయిదింటితో పల్లవిలో ఒకే మాటను తిరిగి తిరిగి పలికిస్తూ పడవ ఊగుతున్న భావన తెప్పించడం రాజేశ్వరరావు గారి పనితనం. అదే పడవ విహారంలో ముందు శశిరేఖాభిమన్యులు, ఆ తరువాత పెద్దలు జంటలు జంటలుగా చేరుతున్నా బాణీ తొందరపడదు. దానికి ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్లే గారు నలుపు తెలుపుల్లో పట్టిన వెన్నెల తోడు. అందుకే, 2010లో రంగులద్దిన ప్రతి వచ్చినా, ఈ పాటను మాత్రం పాత ప్రతిలోనే చూడమని అందరికీ చెబుతుంటాను. ఆయన దీపాలు అమర్చినది రంగు కోసం కాదు.

ఘంటసాల గారి పాలు ఎక్కడున్నదని అడుగుతారేమో, ‘అహ నా పెళ్ళియంట’ వినండి. శశిరేఖ వేషంలో ఉన్నది ఘటోత్కచుడు. పాట సుశీల గారి గొంతులో నాజూకుగా సాగుతూ ఉండగా అసలు మనిషి మగగొంతు ఉన్నట్టుండి బయటపడుతుంది, వెంటనే సర్దుకుంటుంది. ఆ మగగొంతు ఘంటసాల గారిదే. సావిత్రి గారు భుజాలు ఒక్కసారి విరుచుకుని మళ్ళీ ముడుచుకునే తీరుకూ ఆ గొంతుకూ వెంట్రుకవాసి తేడా కనబడదు. ఇక ‘వివాహ భోజనంబు’ సంగతి వేరు. అది ఆ చిత్రానికంటె ముందే నాటకాలలో, గ్రామఫోను రికార్డులలో తిరిగిన పాట. మాధవపెద్ది సత్యం గారు పాడి, ఎస్వీ రంగారావు గారు తిన్న తరువాత పాత చరిత్ర జనానికి గుర్తులేకుండా పోయింది.

ఇటువంటిదే ఇంకొకటి మీ తాతగారికి గుర్తుండే ఉంటుంది. ‘దేవదాసు’ సంగీతం సి.ఆర్. సుబ్బరామన్ గారిది. 1953లో చిత్రం వచ్చే నాటికి ఆయన లేరు. చిన్న వయసులోనే పోయారు. మిగిలిన పని పూర్తి చేసినవారు ఆయన సహాయకులు విశ్వనాథన్, రామమూర్తి.

ప్రశ్న: సుశీల గారికి గిన్నిస్ గుర్తింపు వచ్చింది కదా, ఇక ఆమే అందరికన్నా గొప్ప గాయని అని అనవచ్చునా? (ఒంగోలు నుంచి)

జవాబు: 2016లో గిన్నిస్ వారు లెక్కగట్టినవి 17,695 పాటలు. అంతటి లెక్క నన్ను బెదరగొడుతుందే తప్ప ఏ పాట వినాలో చెప్పదు. ‘డాక్టర్ చక్రవర్తి’లోని ‘నీవు లేక వీణ’ ఒక్కటి తీసుకోండి. తీగ మీటినట్లుండే ఆ బాణీలో స్వరం ఎంత వంపు తిరిగినా అక్షరం నలగదు. తెలుగు రానివాడు సైతం ఏ మాట ఎక్కడ ముగిసిందో చెప్పగలడు. అది చాలు నాకు.

ప్రశ్న: ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చినప్పటి నుంచి కీరవాణి గారి అత్యుత్తమ రచన అదేనని మా పిల్లలు వాదిస్తున్నారు. మీరేమంటారు? (అమెరికాలోని డాలస్ నుంచి)

జవాబు: 2023 మార్చిలో ఆ బహుమతి ప్రకటించిన రోజు తెల్లవారుజాము నుంచీ నేనూ మేలుకునే ఉన్నాను, పొంగిపోయాను కూడా. ఆ పాటలో కాలు నేల మీద ఆగనివ్వని, ఆరేసి దెబ్బల 6/8 నడకకు, పల్లెటూరి ఉపమానాలు గుక్క తిప్పుకోకుండా పేర్చిన చంద్రబోస్ గారి కలానికి ఆ గౌరవం తగినదే. కాని అది నాట్యానికి కట్టిన పాట. ఇద్దరు నటుల కాళ్ళు లేకుండా కళ్ళు మూసుకుని వింటే నాకు దానిలో సగమే మిగులుతుంది.

పిల్లలకు ‘అన్నమయ్య’ వినిపించండి. 1997 నాటి ఆ చిత్రానికి కీరవాణి గారికి జాతీయ పురస్కారం వచ్చింది. ఇంటింటా వేరే బాణీలలో నాటుకుపోయిన సంకీర్తనలను ముట్టుకోవడం కత్తి మీద సాము. అందరికీ తెలిసిన పాటలో చిన్న మార్పు చేసినా తప్పుపట్టడానికి ఊరికొక పెద్దమనిషి సిద్ధంగా ఉంటాడు. ఆయన కొన్నిటిని పాత దారినే పోనిచ్చి, కొన్నిటిని తనవి చేసుకున్నారు, ఆ ఎంపికలోనే నాకు ఎక్కువ సంగీతజ్ఞానం కనిపించింది. పిల్లలు ఒప్పుకోకపోతే బలవంతం చేయకండి. వాళ్ళ వయసులో నేను ఒప్పుకోనివి చాలా ఉన్నాయి.

ప్రశ్న: ఘంటసాల గారి పద్యాలు పెడితే మా మనవలు ‘ఈ సాగదీత ఏమిటి తాతా’ అంటున్నారు. ఏ పద్యంతో దారికి తేవాలి? (తెనాలి నుంచి)

జవాబు: మనవల మాటను కొట్టిపారేయకండి. సాగదీత అన్న ఫిర్యాదు ఘంటసాల గారికి ముందు తరం రంగస్థలం మీద న్యాయమైనదే. మీ తెనాలివారికి నేను చెప్పాలా? ‘వన్స్ మోర్’ల కోసం పద్యం చివరి అక్షరాన్ని పట్టుకుని రాగాలాపనలో మునిగిపోతే, ఎవరు ఎవరితో ఏమన్నారో మరచిపోయిన ప్రేక్షకుడు తెల్లవారేదాకా కూర్చునేవాడు. ఘంటసాల గారు చేసినది ఆ సాగదీతను కోసివేయడం. ఆయన పద్యంలో మాట ముందు, రాగం వెనుక. అర్థం ఎక్కడ విరుగుతుందో అక్కడే గొంతు విరుగుతుంది. సమాసం మధ్యలో ఊపిరి తీసుకోరు. ఆలాపన ఉంటే ఆ పాదం చెప్పవలసినది చెప్పేసిన తరువాతనే ఉంటుంది.

మనవలకు కరుణశ్రీ గారి ‘పుష్పవిలాపం’ పెట్టండి. కోయబోయిన పువ్వు మనిషితో మాట్లాడుతుంది కనుక కథ ఉన్నది, కథ ఉంటే పిల్లలు కూర్చుంటారు. పద్యానికీ పద్యానికీ నడుమ ఆయన వచనంలో పలికే మాటల దగ్గర శ్రద్ధగా వినమనండి. పాడడం ఎక్కడ ఆగి మాట్లాడడం ఎక్కడ మొదలయిందో గుర్తుపట్టమని పందెం వేయండి, వాళ్ళు ఓడిపోతారు.

ఆయన చివరి రోజులలో రికార్డు చేసిన భగవద్గీత మాత్రం ఇప్పుడే పెట్టవద్దు. 1974 ఫిబ్రవరిలో ఆయన వెళ్ళిపోయిన తరువాత మనకు చేరిన గొంతు అది. ఆరోగ్యం అప్పటికే దెబ్బతిన్నది, పై స్థాయిలో వెనుకటి దారుఢ్యం లేదు. నాకు అది ఇష్టం కావడానికి ఆ అలసటే కారణం, కాని పదేళ్ళ పిల్లవాడికి అలసటలోని అందం ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: అందరి గురించీ ఇంత ధీమాగా తీర్పులిస్తున్నారు. మీరు పొరబడిన సందర్భం ఒక్కటైనా ఉన్నదా? (వరంగల్లు నుంచి)

జవాబు: చాలా ఉన్నాయి. అన్నిటికంటె సిగ్గుపడేది బాలమురళి గారి విషయంలో జరిగింది. 72 మేళకర్తలలోను, అంటే మూల రాగాలన్నిటిలోను కృతులు రచించిన మనిషి విజయవాడ ఆకాశవాణి భక్తిగీతాల కార్యక్రమం భక్తిరంజనిలో ‘ఏమి సేతురా లింగా’ పాడుతుంటే, నాకు అప్పుడు ఇరవై ఏళ్ళు, కచేరీలకు కొత్తగా వెళ్ళడం మొదలుపెట్టిన గర్వం. ఇందులో ఏమున్నది, ఒకే పాదాన్ని రకరకాలుగా తిప్పి పాడే సంగతులేవి, స్వరకల్పన ఏది, బిచ్చగాడు కూడా పాడగలడు అని ఇంట్లో పెద్దగానే అన్నాను. మా నాన్నగారికి సంగీతం రాదు. ఆయన పెరట్లో వేపపుల్ల నోట్లో పెట్టుకుని నిలబడి ఉన్నారు, నా మాటకు జవాబు చెప్పలేదు.

చాలా ఏళ్ళ తరువాత అదే పాటను పాడబోయి తెలిసింది. నీళ్ళు తెచ్చి అభిషేకం చేద్దామంటే చేపలు ఎంగిలి చేశాయి, పూలు తెద్దామంటే తుమ్మెదలు ఎంగిలి చేశాయి అని భక్తుడు చేతులెత్తేసే తత్వం అది. అందులో ఒక్క సంగతి ఎక్కువ వేసినా చేతులెత్తేసినవాడి గొంతు కాకుండా పోతుంది, విద్వాంసుని గొంతు అయి కూర్చుంటుంది. నేను ‘లింగా’ అన్నచోట గమకం వేయకుండా ఆగలేకపోయాను. ఆయన ఆగారు. ఆ రికార్డు ఇప్పుడు పెడితే, ఆ మాట వచ్చినప్పుడు నాకు మా నాన్నగారి చేతిలో కదలకుండా ఆగిపోయిన వేపపుల్ల కనిపిస్తుంది.